‘తప్పక చదవండి’ అంటే సరిపోదు

సంపాదకులకు,

నమస్కారం.

మీ పుస్తకాల పేజీలో ఈమధ్య ఆర్థికశాస్త్రం మీద ఒక జాబితా వేశారు. ఒక్కో పుస్తకానికి రెండు మూడు వాక్యాలు, ప్రతిదాని చివరా ‘తప్పక చదవాల్సిన గ్రంథం’ అని ఒక ముద్ర. ఆ పేజీ వచ్చిన దగ్గర్నుంచి దాన్ని కత్తిరించి పట్టుకుని మా కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. అందుకు సంతోషమే. మామూలుగా ఆ అరల వైపు తొంగిచూసేవాళ్లే తక్కువ. అయితే ఎంత ఉత్సాహంగా తీసుకెళ్తున్నారో అంత నీరసంగా తెచ్చి ఇచ్చేస్తున్నారు. "గొప్ప పుస్తకమేనండీ, నాకే ఎక్కలేదు" అంటున్నారు. ఎక్కకపోవడంలో వాళ్ల తప్పేమీ లేదు. అది వాళ్లను ఉద్దేశించి రాసిన పుస్తకం కాదు. ఆ ఒక్క ముక్కే మీ పేజీలో లేదు.

నేను ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేస్తాను. ఆర్థికశాస్త్రంలో ఏ పుస్తకాలు తెప్పించాలో జాబితా తయారుచేసేది నేనే. పాఠాలు చెప్పను, పరిశోధన చెయ్యను. ఏ పుస్తకం ఎవరి చేతిలో నలుగుతుందో, ఏది అట్ట కూడా నలగకుండా తిరిగొస్తుందో మాత్రం రోజూ చూస్తుంటాను. ఆ చనువుతోనే ఈ ఉత్తరం.

మీ జాబితాలో మొదటి పుస్తకంతోనే మొదలుపెడతాను. ఫ్రెంచి ఆర్థికవేత్త జాఁ తిరోల్ 1988లో రాసిన ‘ది థియరీ ఆఫ్ ఇండస్ట్రియల్ ఆర్గనైజేషన్’. కంపెనీలు ఒకదానితో ఒకటి ఎలా పోటీపడతాయి, ధరలు ఎలా పెడతాయి అన్న శాఖకు అది పునాది లాంటిది. ఆయనకు 2014లో నోబెల్ కూడా వచ్చింది. ఆన్‌లైన్‌లో సరుకు అమ్ముకునే ఒక అబ్బాయి మీ పేజీ చూసి దానికోసం వచ్చాడు. ఏం తెలుసుకోవాలని ఉందని అడిగితే, "ఈ యాప్‌లవాళ్లు కొనేవాళ్ల దగ్గర పైసా తీసుకోకుండా మా దగ్గరే కమీషన్ ఎందుకు గుంజుతారు మేడమ్?" అన్నాడు. చక్కటి ప్రశ్న. దానికి జవాబు చెప్పినవాళ్లలో తిరోల్ ముఖ్యుడే. కాకపోతే జాఁ షార్ల్ రోషేతో కలిసి ఆయన రాసిన ఆ పరిశోధన పేపర్ 2003లో వచ్చింది. పదిహేనేళ్ల ముందు అచ్చయిన పుస్తకంలో అది ఎక్కణ్నుంచి వస్తుంది? ఆ అబ్బాయి లెక్కలతో కుస్తీపడి చివరి పేజీ దాకా వెళ్లినా యాప్ సంగతి తేలేది కాదు. బెల్‌ఫ్లామ్, పైట్జ్ ఇద్దరూ 2021లో తెచ్చిన ‘ది ఎకనామిక్స్ ఆఫ్ ప్లాట్‌ఫామ్స్’ చేతికిచ్చాను. అతను అడిగిందే అందులో అసలు విషయం. పేరున్న రచయితా, పేరున్న పుస్తకమూ అయినంత మాత్రాన మన ప్రశ్నకు జవాబు అందులో ఉంటుందని లేదు.

పుస్తకం పేరు కూడా సాయపడదు. ‘లేబర్ ఎకనామిక్స్’ అని మీరు రాశారు. ఏ ‘లేబర్ ఎకనామిక్స్’? జార్జ్ బోర్హాస్‌దా, లేక పియెర్ కాయుక్, ఆండ్రే జిల్బర్‌బర్గ్ కలిసి రాసిందా? అచ్చంగా ఒకే పేరు. మొదటిది డిగ్రీ విద్యార్థులకు. బొమ్మలు గీసి, లెక్కలు తగ్గించి, మామూలు భాషలో నడుస్తుంది. రెండోది పీజీ పైస్థాయికి. క్యాలిక్యులస్ వచ్చుననుకునే పేజీ మొదలుపెడుతుంది. ఒకాయన మొదటిదనుకుని రెండోదాన్ని తీసుకెళ్లి మర్నాడే వచ్చారు. రచయితను చూసి పట్టుకుందామన్నా కుదరదు. జెఫ్రీ వూల్‌డ్రిడ్జ్‌కు ఎకనామెట్రిక్స్‌లో, అంటే ఆర్థిక విషయాలను గణాంకాలతో కొలిచే శాఖలో, రెండు పెద్ద పాఠ్యపుస్తకాలున్నాయి. ఒకటి కొత్తగా నేర్చుకునేవాళ్లకు, ఇంకోటి అది పూర్తిచేసి పరిశోధనకు దిగినవాళ్లకు. "వూల్‌డ్రిడ్జ్ చదవండి" అని వదిలేస్తే పాఠకుడు ఏ మెట్టు మీద కాలుపెట్టాలి?

ఇంకో చిక్కుంది. పుస్తకం ఎంచుకునే ముందు శాఖ ఎంచుకోవాలి, అక్కడే చాలామంది దారి తప్పుతారు. బ్యాంకు ఉద్యోగి ఒకాయన "ఫైనాన్స్ మీద లోతైనది కావాలి" అని మీరు చెప్పిన జాన్ కాక్రేన్ ‘అసెట్ ప్రైసింగ్’ అడిగారు. కాసేపు మాట్లాడితే అసలు సంగతి బయటపడింది. డిపాజిటర్లందరూ ఒక్కసారే వచ్చి మీదపడితే గట్టి బ్యాంకు కూడా ఎందుకు కూలుతుందన్నది ఆయన సందేహం. షేర్లకూ బాండ్లకూ ధర ఎలా ఏర్పడుతుందో చెప్పే పుస్తకంలో దాన్ని వెతుక్కుంటే దొరకదు. ఆ శాఖ వేరు. డగ్లస్ డైమండ్, ఫిలిప్ డిబ్‌విగ్ 1983లో రాసిన పేపర్ నుంచి అది ఊపందుకుంది. 2022లో వాళ్లిద్దరికీ, బెన్ బెర్నాంకీకీ కలిపి నోబెల్ ఇచ్చింది బ్యాంకుల మీద, సంక్షోభాల మీద చేసిన ఆ పనికే. ఫ్రెయిక్సాస్, రోషే రాసిన ‘మైక్రోఎకనామిక్స్ ఆఫ్ బ్యాంకింగ్’లో ఇలా డిపాజిటర్లు ఒక్కసారిగా ఎగబడే ‘బ్యాంకు పరుగుల’ మీద ఒక అధ్యాయం ఉంది. లెక్కలున్నాయి, కష్టమే. కానీ ఆయన అడిగిందే ఉంది. "సమీకరణాలు వదిలేసి చుట్టూ ఉన్న మాటలు చదవండి, సగం అర్థమవుతుంది" అని చెప్పి ఇచ్చాను. ఆయన గడువు పొడిగించుకోవడానికి వచ్చారు. మా పనిలో అంతకంటే మంచి కబురు ఉండదు.

శాఖల సంగతి వచ్చింది కాబట్టి ఒక చిట్కా. ఆర్థికశాస్త్రంలో పేపర్లకూ పుస్తకాలకూ జెల్ కోడ్లని ఉంటాయి. అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ వాడే వర్గీకరణ అది. జీ అంటే ఫైనాన్స్, జె అంటే శ్రమ, క్యూ అంటే వ్యవసాయం, పర్యావరణం. లోపల అంకెలు. జీ12 ఆస్తుల ధరలు, జీ21 బ్యాంకులు, క్యూ54 వాతావరణ మార్పు. మనకు నచ్చిన ఒక్క పేపర్ దొరికితే చాలు, దాని కింద ఉన్న కోడ్ పట్టుకుని పక్కవాటినీ వెతుక్కోవచ్చు. మీ జాబితాలో పుస్తకం పేరు పక్కన ఆ కోడ్ వేస్తే పట్టే చోటు ఎంత?

పుస్తకాల రకాల గురించి ఎక్కువ చెప్పను, మీకు తెలియనిది కాదు. పాఠ్యపుస్తకం శాఖనంతా చుట్టబెడుతుంది. మోనోగ్రాఫ్ ఒకే వాదన పట్టుకుని చివరిదాకా లాగుతుంది. హ్యాండ్‌బుక్‌లని నార్త్ హాలండ్ వాళ్లు వేసే ఇటుకల్లాంటి సంపుటాలున్నాయి, శ్రమ ఆర్థికశాస్త్రంలో మొదటివి 1986లో వచ్చాయి. అవి చూసి జనం జడుసుకుంటారు గానీ నిజానికి వాటిని మొత్తం చదవమని ఎవరూ అనరు. ఒక్క ప్రశ్న ఉన్నవాడు ఒక్క అధ్యాయం చదువుకుంటే అప్పటిదాకా జరిగిన పనంతా ఒకచోట దొరుకుతుంది. సెమినార్ వ్యాసాలను కుట్టి వేసిన సంకలనాల విషయంలో మాత్రం నాకు చెడ్డ అభిప్రాయమే ఉంది. సంపాదకుడి ముందుమాట చదివి, ఏ వ్యాసం కావాలో చూసుకుని ఆ ఒక్కటే తీసుకోవడం మేలు.

ఇక రెండు పుస్తకాల మధ్య ఎటూ తేలనప్పుడు నేనేం చేస్తానో చెప్తాను. ఆ శాఖలో బాగా తగాదా నడిచిన ప్రశ్న ఒకటి తీసుకుంటాను. రెండు పుస్తకాల్లోనూ వెనక పదసూచిలో దాన్ని పట్టుకుని ఆ పేజీలు పక్కపక్కన తెరిచిపెడతాను. ముందుమాటలు చూడను, అట్ట వెనక పొగడ్తలు అసలే చూడను.

శ్రమ ఆర్థికశాస్త్రానికైతే నా ప్రశ్న కనీస వేతనం. ఏ పుస్తకమైనా ముందు ఒక బొమ్మ గీస్తుంది. గిరాకీ రేఖ, సరఫరా రేఖ, రెండూ కలిసే చోటికి పైన ఒక అడ్డగీత. అదే కనీస వేతనం. ఆ ధరకు యజమానులు తక్కువమందిని పెట్టుకుంటారు, పని కావాలనేవాళ్లు ఎక్కువవుతారు, కాబట్టి నిరుద్యోగం. పుస్తకం అక్కడితో ఆగిపోతే మూసేస్తాను. ఎందుకంటే అసలు కథ అక్కడ మొదలవుతుంది. 1992 ఏప్రిల్‌లో న్యూజెర్సీ రాష్ట్రం కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05కి పెంచింది. పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ సరిహద్దుకు రెండు వైపులా 410 ఫాస్ట్‌ఫుడ్ రెస్టారెంట్లను పెంపుకు ముందొకసారి, తర్వాతొకసారి వాకబు చేశారు. న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గిన జాడ కనపడలేదు. 1994లో పేపర్ వచ్చింది, మరుసటి ఏడాది ‘మిత్ అండ్ మెజర్‌మెంట్’ అనే పుస్తకం వచ్చింది. పెద్ద దుమారమే లేచింది. డేవిడ్ న్యూమార్క్, విలియం వాషర్ ఆ వాకబును నమ్మలేదు. రెస్టారెంట్ల జీతాల రికార్డులు తెప్పించి చూసి, ఉద్యోగాలు తగ్గాయన్నారు. కార్డ్, క్రూగర్ ఈసారి ప్రభుత్వ రికార్డులు తీసి, చెప్పుకోదగ్గ దెబ్బేమీ లేదని మళ్లీ చెప్పారు. 2000లో ఈ రెండూ ఒకే పత్రికలో వచ్చాయి. న్యూమార్క్, వాషర్ 2008లో తమ వాదనంతా ‘మినిమమ్ వేజెస్’ అనే పుస్తకంగా వేశారు.

నా చేతిలోని పాఠ్యపుస్తకం ఈ తగాదా మొత్తం చెప్పిందా, ఒక పక్షమే చెప్పి ఊరుకుందా అన్నది నేను చూసే మొదటి విషయం. వేతనం పెంచినా ఉద్యోగాలు ఎందుకు తగ్గకపోవచ్చో వివరించిందా అన్నది రెండోది. పనిలో పెట్టుకునేవాళ్లు కొద్దిమందే ఉంటే జీతం ఎంతన్నది వాళ్లే తేలుస్తారు, తక్కువ ఇస్తారు, తక్కువమందినే పెట్టుకుంటారు. అక్కడ కనీస వేతనం కాస్త పెరిగితే ఉద్యోగాలు పెరగనూ వచ్చు. పుస్తకాల్లో దీన్ని మోనాప్సనీ అంటారు. ఈ లంకె వేసి చూపించిన పుస్తకం మిగతా అధ్యాయాల్లోనూ అలాగే చూపిస్తుందని నా అనుభవం. పావుగంట పని ఇది. పుస్తకం మొత్తం చదివినా ఇంతకంటే బాగా తేలేది ఉండదు.

కార్మిక సంఘంలో పనిచేసే ఒకాయన కార్డ్, క్రూగర్ల పుస్తకం ఒక్కటే చాలన్నారు. న్యూమార్క్, వాషర్‌లది కూడా తీసి ఆయన ముందు పెట్టాను. "ఇదెందుకండీ, ఇది యజమానుల వైపు కదా" అని ముఖం చిట్లించారు. "రేపు చర్చల్లో అవతలివాళ్లు మీమీద ఎక్కుపెట్టేదంతా ఇందులో ఉంది" అన్నాను. రెండూ పట్టుకెళ్లారు. ఇలాంటి శాఖల్లో మోనోగ్రాఫ్ ఒక్కటే సిఫార్సు చెయ్యడం మోసం కాకపోయినా సగం మాట చెప్పి వదిలేసినట్టే. దాన్ని ఖండించిన పుస్తకం పేరు కూడా ఆ పక్కనే వెయ్యాలి.

పుస్తకం వయసు సంగతికి వస్తాను. మీ సమీక్షకులొకరు "ఇది పాత పుస్తకం" అని ఒకదాన్ని తీసిపారేశారు, ఇంకొకరు "కాలపరీక్షకు నిలిచింది" అని ఇంకోదాన్ని నెత్తికెత్తుకున్నారు. రెండూ తొందరపాటు మాటలే. ఒకే పుస్తకంలో కూడా సిద్ధాంతం ఒక వేగంతో పాతబడుతుంది, అంకెలు ఇంకో వేగంతో. ఆంథొనీ అట్కిన్సన్, జోసెఫ్ స్టిగ్లిట్జ్ 1980లో పబ్లిక్ ఎకనామిక్స్ మీద వేసిన పాఠాల పుస్తకాన్ని ప్రిన్స్‌టన్ వాళ్లు 2015లో మళ్లీ అచ్చువేశారు. పన్ను ఎవరిమీద వెయ్యాలి, ఎంత వెయ్యాలి అన్న తర్కానికి అది ఇవాళ్టికీ పనికొస్తుంది. దేబ్‌రాజ్ రే 1998 నాటి ‘డెవలప్‌మెంట్ ఎకనామిక్స్’ కూడా అంతే. కౌలు, అప్పు, బీమా అధ్యాయాల్లో వివరణ అంత శుభ్రంగా ఉన్న పుస్తకాలు తక్కువ. అయితే అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, మైకేల్ క్రెమర్‌లకు 2019లో నోబెల్ తెచ్చిన క్షేత్ర ప్రయోగాల వెల్లువ చాలావరకు ఆ పుస్తకం తర్వాతిదే. తర్కం కోసం రేను, రుజువుల కోసం కొత్తదాన్ని దగ్గర పెట్టుకోవాలి.

పేదరికం మీద పుస్తకం ఏ కాలానిదో తెలుసుకోవడానికి నేను దారిద్ర్యరేఖ చూస్తాను. ప్రపంచ బ్యాంకు అంతర్జాతీయ రేఖ రోజుకు 1.25 డాలర్లని ఉంటే అది 2008 తర్వాతి లెక్క. 1.90 అయితే 2015 నుంచి. 2.15 అయితే 2022 నుంచి. 2025 జూన్‌లో దాన్ని 3 డాలర్లు చేశారు. అట్ట మీద ‘సరికొత్త ఎడిషన్’ అని ఉండి లోపల 1.90 కనిపిస్తే ఆ కొత్తదనం అట్ట వరకేనన్నమాట. వెనక ఆధారాల పట్టికలో చివరి సంవత్సరం చూసినా పట్టేయొచ్చు.

పద్ధతులు నేర్పే పుస్తకాల విషయంలో మాత్రం వయసు నిజంగా దెబ్బతీస్తుంది. ఒక చట్టం ఒక్కో రాష్ట్రంలో ఒక్కో ఏడాది అమల్లోకి వస్తే దాని ఫలితాన్ని ఎలా కొలవాలి? పాత పుస్తకాలు ఒక మామూలు రిగ్రెషన్, అంటే ఒకటి మారితే ఇంకోటి ఎంత మారుతుందో అంచనా కట్టే లెక్క, చెప్పి ముగిస్తాయి. ముందే చట్టం తెచ్చిన రాష్ట్రాలు ఆ లెక్కలో తర్వాత తెచ్చినవాటికి పోలికగా వచ్చి కూర్చుంటాయని, చట్టం ప్రభావం ఏళ్లు గడిచేకొద్దీ మారుతుంటే వచ్చే అంకె తప్పుదోవ పట్టించవచ్చని ఆండ్రూ గుడ్‌మన్ బేకన్ వంటివాళ్లు చూపించారు. ఆయన పేపర్ 2021లో అచ్చయింది. పరిశోధన విద్యార్థికి అంతకుముందు పుస్తకం ఒక్కటే ఇచ్చి పంపితే వైవా రోజు వాడి టెన్షన్ ఎవరు తీర్చాలి? 2009 నాటి యాంగ్రిస్ట్, పిష్కేల పుస్తకం నాకెంతో ఇష్టం, ఇప్పటికీ అందరికీ అదే ముందు ఇస్తాను. కానీ ఈ విషయం దగ్గర ఇంకోటి తోడివ్వకుండా పంపను.

చివరగా మీరు ప్రకటించిన తర్వాతి పేజీ గురించి. పర్యావరణ ఆర్థికశాస్త్రం మీద వేస్తామన్నారు. దయచేసి ‘భూమిని కాపాడుకోవాలనుకునే ప్రతి ఒక్కరూ’ అని మొదలుపెట్టకండి. ఆ శాఖలో పుస్తకాన్ని పుస్తకాన్ని విడదీసే అంకె ఒకటుంది. డిస్కౌంట్ రేటు. రాబోయే కాలపు నష్టాన్ని ఇవాళ్టి విలువలోకి దించడానికి వాడే వడ్డీ లాంటి రేటు అది. వందేళ్ల తర్వాత జరిగే 100 కోట్ల డాలర్ల నష్టాన్ని ఏడాదికి 1.4 శాతం చొప్పున దించుకుంటూ వస్తే ఇవాళ్టి విలువ దాదాపు 25 కోట్లు. 4 శాతం చొప్పున దించితే 2 కోట్లు. మొదటి లెక్కలో ఇప్పుడే గట్టిగా ఖర్చుపెట్టాలి, రెండో లెక్కలో మెల్లగా చూద్దాం అనిపిస్తుంది. బ్రిటన్ ప్రభుత్వం కోసం నికొలస్ స్టెర్న్ 2006లో ఇచ్చిన నివేదికలో వాడింది ఆ 1.4 శాతమే. తర్వాతి తరాలవాళ్ల బాగు మన బాగుకంటే తక్కువేమీ కాదన్న నైతిక నిర్ణయం దాని వెనక ఉంది. ఈ విషయంలో ఆయనతో విభేదించిన విలియం నార్డ్‌హౌస్‌కు 2018లో నోబెల్ వచ్చింది. మార్కెట్లో మనుషులు నిజంగా పొదుపు చేసే, పెట్టుబడి పెట్టే తీరుకు ఆ రేటు సరిపోలదన్నది ఆయన వాదన.

నార్డ్‌హౌస్ ఆ మాట చెప్పింది ఒక సమీక్షలోనే. 2007లో ‘జర్నల్ ఆఫ్ ఎకనామిక్ లిటరేచర్’లో వచ్చింది. వందల పేజీల నివేదికలో తేడా ఎక్కడుందో వేలుపెట్టి చూపించి, ఆ అంకె మారిస్తే ముగింపు ఎలా మారిపోతుందో రాశారు. స్టెర్న్ వైపు ఉన్నవాళ్లు కూడా అది చదివాక నివేదికను ఇంకా బాగా అర్థం చేసుకోగలరు. అంత నిడివి మీ పేజీలో కుదరదని తెలుసు. కానీ మీ సమీక్షకుల్ని ఇంతమాత్రం అడగొచ్చు: ఈ పుస్తకం పట్టుకునే ముందు పాఠకుడికి ఏం తెలిసి ఉండాలి, ఆధారాలు ఏ ఏడాదితో ఆగాయి, దీనితో తగువుపడే పుస్తకం ఏది, డిస్కౌంట్ రేటు ఎంత తీసుకున్నారు, అది ఎందుకో రచయిత దాపరికం లేకుండా చెప్పారా. అయిదు వాక్యాలకు మించదు. ‘తప్పక చదవాల్సిన’ అన్నది తీసేస్తే ఆ చోటు కూడా కలిసొస్తుంది.

ఆ పేజీ ఏ వారం వేస్తున్నారో కాస్త ముందుగా తెలియజేస్తే రెండు పక్షాల పుస్తకాలూ అరలో నుంచి తీసి కౌంటర్ దగ్గరే పెట్టుకుంటాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఒక గ్రంథాలయ ఉద్యోగిని